మోచేతులు విసరడం (బాస్కెట్‌బాల్)

మోచేతులు విసరడం అనేది బాస్కెట్‌బాల్ ఆటలో నిషేధింపబడిన ప్రమాదకరమైన చర్యలలో ఒకటి. బంతిని చేతబట్టిన ఆటగాడు, తనకు చేరువగా వచ్చిన ప్రత్యర్థిని దూరంగా ఉంచే ఉద్దేశంతో మోచేతులను అటూ ఇటూ వేగంగా తిప్పటాన్ని ఈ పేరుతో వ్యవహరిస్తారు. మోచేయి ఎవరికీ తగలకపోయినా ఇది తప్పే. తగిలితే దెబ్బ సాధారణంగా ముఖానికి, దవడకు లేదా కంటి పైభాగానికి తగులుతుంది కాబట్టి శిక్ష మరింత పెరుగుతుంది. అయితే మోచేయి బయటకు ఉన్నంత మాత్రాన, కదిలినంత మాత్రాన అది తప్పు కాదు. ఏది సహజమైన కదలిక, ఏది విసురు అన్నది నిర్ణయించటమే రిఫరీలకు కష్టమైన పని. ఈ వ్యాసంలో ఆ నిర్ణయం ఎలా జరుగుతుందో వివరించబడినది.

భారతదేశంలో ఈ ఆటను 1950లో ఏర్పడిన భారత బాస్కెట్‌బాల్ సమాఖ్య నిర్వహిస్తున్నది. ఇది అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య (ఫిబా)కు అనుబంధ సంస్థ కావటం వలన మన దేశంలోని పోటీలకు ఫిబా నియమావళియే ప్రమాణం. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి వంటి పట్టణాలలోని విద్యార్థులు టెలివిజన్‌లో ఎక్కువగా చూసేది అమెరికా వారి ఎన్.బి.ఎ. ఆటలను. ఆ నియమాలు వేరు, మనం ఆడే నియమాలు వేరు అన్నది చాలామంది గమనించరు. మోచేతి విషయంలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

నియమం పుట్టుక

బాస్కెట్‌బాల్‌ను 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో జేమ్స్ నైస్మిత్ రూపొందించాడు. ఆయన వ్రాసిన 13 నియమాలలో అయిదవది శరీర స్పర్శకు సంబంధించినది. భుజంతో నెట్టటం, పట్టుకోవటం, తోయటం, కాలు అడ్డుపెట్టి పడవేయటం, కొట్టటం వంటివి ఆ నియమం ప్రకారం కూడవు. మొదటిసారి చేస్తే ఫౌల్. రెండవసారి చేస్తే తరువాతి గోల్ పడేవరకు ఆటగాడు బయట ఉండాలి. గాయపరచాలనే ఉద్దేశం స్పష్టంగా కనిపిస్తే ఆట ముగిసేవరకు బయటనే, అతని స్థానంలో మరొకరిని కూడా పంపరాదు. నేటి మోచేతి నియమాలన్నిటికీ మూలం ఇక్కడే ఉన్నది. తప్పును, తీవ్రతను, ఉద్దేశాన్ని వేరువేరుగా తూచటం అనే పద్ధతి ఆట పుట్టిన నాటి నుండీ కలదు.

మన ప్రాంతపు పాఠకులకు కబడ్డీతో పోల్చి చెబితే ఈ నియమం తేలికగా అర్థమవుతుంది. కబడ్డీలో కూతకు వచ్చినవాడిని పట్టుకోవటమే ఆట. ఎక్కడ పట్టుకోవచ్చు, ఎక్కడ పట్టుకోకూడదు అన్నదే అక్కడి ప్రశ్న. బాస్కెట్‌బాల్ సిద్ధాంతరీత్యా స్పర్శ లేని ఆట. ఆచరణలో 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు గల స్థలంలో పదిమంది పరుగెత్తుతుండగా ఒకరికొకరు తగలకుండా ఉండటం సాధ్యం కాదు. అందువలన ఇక్కడి ప్రశ్న "తగిలిందా?" అని కాదు, "ఎవరి స్థలంలో తగిలింది?" అని.

ఎప్పుడు జరుగుతుంది

ఎక్కువ సందర్భాలలో ఈ విసురు రీబౌండ్ తరువాత జరుగుతుంది. బుట్టకు తగిలి వెనక్కు వచ్చిన బంతిని ఒక ఆటగాడు గాలిలో అందుకొని నేలపై దిగుతాడు. వెంటనే ఇద్దరు ముగ్గురు ప్రత్యర్థులు చుట్టుముట్టి బంతిని లాగటానికి ప్రయత్నిస్తారు. అటువంటప్పుడు బంతిని గడ్డం క్రింద రెండు చేతులతో గట్టిగా పట్టుకొని, మోచేతులను బయటకు చాచి ఉంచమని శిక్షకులు నేర్పుతారు. ఇది పూర్తిగా నియమబద్ధం. చిక్కు ఆ తరువాతనే మొదలవుతుంది. చాచిన మోచేతులను ఆటగాడు గొడ్డలి వలె త్రిప్పితే అది విసురు అగును.

కంగారు పెరగటానికి మరొక కారణం కూడా ఉన్నది. ఫిబా నియమాల ప్రకారం ప్రత్యర్థి ఒక మీటరు లోపు దూరంలో చురుకుగా కాపలా కాస్తున్నప్పుడు, బంతి గల ఆటగాడు 5 సెకన్ల లోపు దానిని అందించాలి, వేయాలి లేదా డ్రిబుల్ చేయాలి. లేకపోతే బంతి ఎదుటి జట్టుకు పోతుంది. అనుభవం లేని ఆటగాడు ఆ కొద్ది క్షణాలలో దారి కనిపించక మోచేతులకు పని చెబుతాడు. దురుద్దేశంతో చేసేవారికంటే భయంతో చేసేవారే ఎక్కువ అని చెప్పవచ్చు. కానీ దెబ్బ తిన్న కనుబొమ్మకు ఆ తేడా తెలియదు.

సిలిండర్ సూత్రం

స్థలం ఎవరిదో నిర్ణయించటానికి ఫిబా నియమావళి సిలిండర్ సూత్రాన్ని వాడుతుంది. ప్రతి ఆటగాని చుట్టూ నేల నుండి పైకి ఒక ఊహాజనితమైన గొట్టం ఉన్నట్లు భావించాలి. దాని ముందు హద్దు అరచేతులు, వెనుక హద్దు పిరుదులు, ప్రక్క హద్దులు చేతుల, కాళ్ళ వెలుపలి అంచులు. చేతులను ముందుకు చాచినా అవి పాదాల స్థానాన్ని దాటరాదు. పాదాల మధ్య దూరం ఆటగాని ఎత్తుకు తగినట్లు ఉండాలి. ఈ గొట్టంలోని స్థలం, దానికి పైన ఉన్న గాలి కూడా ఆ ఆటగానివే.

మొదట్లో ఈ సూత్రాన్ని ఎక్కువగా కాపలా ఆటగాని రక్షణకే వాడేవారు. అతను నిటారుగా నిలబడి ఉండగా దాడి ఆటగాడు వచ్చి గుద్దుకుంటే తప్పు దాడి ఆటగానిది. ఇటీవలి నియమావళులలో బంతి గల ఆటగానికి కూడా ఇదే హక్కు ఉన్నదని స్పష్టంగా చేర్చారు. కాపలా ఆటగాడు అతని సిలిండర్ లోనికి చొరబడి, అతను సాధారణంగా ఆడవలసిన కదలిక చేస్తుండగా స్పర్శకు కారకుడైతే తప్పు కాపలా ఆటగానిదే.

మోచేతి విషయంలో దీని ఫలితం చాలా పెద్దది. రీబౌండ్ అందుకున్న ఆటగాడు గడ్డం క్రింద బంతి పట్టుకొని, పివట్ పాదం మీద మెల్లగా తిరుగుతున్నాడనుకుందాం. కాపలా ఆటగాడు అతని మీదకు వంగి, ఛాతీని దాదాపు బంతికి ఆనించి నిలబడ్డాడు. తిరుగుతున్న ఆటగాని మోచేయి అతని ఛాతీకి తగిలింది. చూసేవారికి ఇది మోచేతి దెబ్బ. నియమం ప్రకారం ఇక్కడ రిఫరీ ఏమీ ఊదకపోవచ్చు, లేదా కాపలా ఆటగాని మీదనే ఫౌల్ ఇవ్వవచ్చు. గ్యాలరీ నుండి కేకలు వచ్చేది సరిగ్గా ఇటువంటి నిర్ణయాల మీదనే.

దీనికి వ్యతిరేకమైన సందర్భం చూద్దాం. కాపలా ఆటగాడు ఒక అడుగు దూరంలో, తన సిలిండర్‌లో తాను నిటారుగా ఉన్నాడు. బంతి గల ఆటగాడు చోటు కోసం ముంజేతిని చాచి అతనిని వెనక్కు నెట్టాడు, లేదా మోచేతిని అతని నడుము చుట్టూ కొక్కెం వలె వేసి దాటిపోయాడు. ఇది బంతి గల జట్టు చేసిన ఫౌల్. మామూలు తీవ్రత అయితే ఫ్రీ త్రోలు ఉండవు. బంతి ఎదుటి జట్టుకు త్రో-ఇన్‌గా ఇవ్వబడుతుంది, ఆ ఆటగాని ఖాతాలో ఒక ఫౌల్ చేరుతుంది. అయిదు ఫౌల్‌లు అయినవాడు ఆట నుండి తప్పుకోవాలి.

సహజమైన కదలిక, విసురు

ఈ రెండింటినీ వేరు చేయటానికి అతి స్పష్టమైన కొలబద్ద అమెరికా ఉన్నత పాఠశాలల నియమావళిలో ఉన్నది. మన పోటీలకు అది వర్తించకపోయినా, కన్ను దేనిని చూడాలో నేర్పటంలో ఆ వివరణను మించినది లేదు. భుజాలను ఇరుసుగా చేసుకొని చేతులు, మోచేతులు తిరుగుతూ, వాటి వేగం నడుము మీద లేదా పివట్ పాదం మీద తిరుగుతున్న మిగిలిన శరీర వేగాన్ని మించితే అది మితిమీరిన విసురు. తగిలితే ఎదుటివారికి గాయం కాగల ఉధృతితో మోచేతులు తిరిగినా అది విసురే.

ఇందులోని కీలకం పోలిక. మోచేయి ఎంత వేగంగా కదిలింది అన్నది ఒక్కటే చూస్తే పొరపాటు జరుగుతుంది. శరీరం మొత్తం ఒక్కసారిగా తిరిగితే మోచేయి కూడా దానితో పాటు వేగంగానే తిరుగుతుంది. తలుపు తిరిగినప్పుడు గడియ కూడా తిరిగినట్లే అది. అదే మొండెం కదలకుండా, పాదాలు నేలకు అంటుకుపోయి, మోచేతులు మాత్రం అటూ ఇటూ ఊగుతుంటే అక్కడ ఆటకు పనికివచ్చే కదలిక ఏదీ లేదు. కాబట్టి మోచేతిని కాక మొండాన్ని చూసే రిఫరీ సరైన నిర్ణయానికి త్వరగా చేరుకుంటాడు.

పివట్ చేయటం, బంతితో మాయ కదలిక చూపటం, బంతిని విడవటం, హెల్డ్ బాల్ కాకుండా లేదా చేజారకుండా బంతిని ప్రక్కకు తీయటం వంటి పనులలో చేతులు కదలటం మితిమీరినదిగా లెక్కింపరాదని అదే నియమావళి చెబుతున్నది. బుట్టలోనికి బంతి వేయటానికి చేతులు పైకి ఎత్తుతున్నప్పుడు, దిగువన చొచ్చుకువచ్చిన కాపలా ఆటగాని తలకు మోచేయి తగలటం కూడా తరచు జరుగుతుంది. అది షాట్‌లో భాగమైన సహజ కదలిక అయితే దాడి ఆటగాని తప్పు కాదు.

స్పర్శ లేని విసురు

మోచేయి ఎవరికీ తగలనప్పుడు ఏమి చేయాలి అన్న దానిలో నియమావళులు విడిపోతాయి. ఫిబా నియమాలలో, 2024 అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చిన ప్రతితో సహా, మోచేతులను మితిమీరి విసరటం టెక్నికల్ ఫౌల్‌ల జాబితాలో ఉన్నది. అనగా దీనిని ప్రవర్తనా దోషంగా పరిగణిస్తారు. ప్రత్యర్థిని రెచ్చగొట్టటం, కళ్ళ ముందు చేయి ఊపి చూపును అడ్డగించటం వంటి వాటి సరసన దీనికి చోటు దొరికింది. శిక్ష ఎదుటి జట్టుకు ఒక ఫ్రీ త్రో. 2014కు ముందు టెక్నికల్ ఫౌల్‌కు రెండు ఫ్రీ త్రోలు ఉండేవి. ఒకే ఆటలో రెండు టెక్నికల్ ఫౌల్‌లు పొందిన ఆటగాడు ఆట నుండి బహిష్కరింపబడతాడు.

అమెరికా ఉన్నత పాఠశాలల ఆటలో ఇది ఫౌల్ కాదు, కేవలం వయొలేషన్. విసిరిన జట్టు బంతిని కోల్పోతుంది, అంతే. ఎన్.బి.ఎ.లో రెండు మెట్లు ఉన్నాయి. కాపలా ఆటగాడు దగ్గరలో ఉండగా బంతి గల ఆటగాడు మోచేతులను ఉధృతంగా ఊపితే బంతి పోతుంది. కావాలని ఒకరి మీదకు మోచేయి విసిరి గురి తప్పితే టెక్నికల్ ఫౌల్.

ఈ రెండు పద్ధతులలో పిల్లల పోటీలకు ఏది మేలు అన్న ప్రశ్నకు ఆచరణలో వయొలేషన్ పద్ధతి వైపే మొగ్గు చూపవలసి వస్తుంది. శిక్ష పెద్దదైన కొద్దీ, ఎవరికీ తగలని విసురుకు ఈల ఊదటానికి రిఫరీ వెనుకాడతాడు. ఊదకపోతే అదే ఆటగాడు మరల విసురుతాడు, రెండవసారి తగులుతుంది. బంతి పోవటం అనే చిన్న శిక్షను రిఫరీ సంకోచం లేకుండా వెంటనే వేయగలడు. ఫిబా నియమాల క్రింద ఆడేచోట ఈ వెసులుబాటు లేదు. అందువలన ఆట మొదటి నిమిషాలలోనే మాటతో హెచ్చరించి, తరువాత టెక్నికల్ ఫౌల్ ఇవ్వటం అనుభవజ్ఞులైన రిఫరీల అలవాటు.

స్పర్శ జరిగినప్పుడు

మోచేయి తగిలితే మొదట తీవ్రతను నిర్ణయించాలి. స్వల్పమైనదైతే సాధారణ వ్యక్తిగత ఫౌల్. బంతిని ఆడే న్యాయమైన ప్రయత్నం కానిది, లేదా బంతి కోసమే అయినా మితిమీరిన బలంతో జరిగినది అయితే అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్ ఫౌల్. షాట్ వేయని ఆటగాని మీద ఇది జరిగితే అతనికి రెండు ఫ్రీ త్రోలు, ఆపై అతని జట్టుకే దాడి అర్ధభాగం నుండి త్రో-ఇన్ లభిస్తాయి. ఇటువంటివి రెండు చేసినా, ఒక టెక్నికల్, ఒక అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్ ఫౌల్ కలిసినా బహిష్కరణ తప్పదు. ఈ రెండవ నిబంధన 2017 నుండి ఉన్నది. కొట్టాలనే కొట్టినట్లు తేటతెల్లమైతే నేరుగా డిస్‌క్వాలిఫైయింగ్ ఫౌల్ ఇచ్చి ఆటగానిని దుస్తుల గదికి పంపుతారు.

అమెరికా ఉన్నత పాఠశాలల సమాఖ్య 2012-13లో భుజాలకు పైన జరిగే స్పర్శను గురించి ప్రత్యేక సూచనలు వెలువరించినది. కదలకుండా ఉన్న మోచేయి తగిలితే తప్పు కాకపోవచ్చు, లేదా మామూలు ఫౌల్ కావచ్చు. కదులుతున్నా మితిమీరని మోచేయి తగిలితే ఉద్దేశపూర్వకమైన ఫౌల్. మితిమీరి విసిరిన మోచేయి తగిలితే అది ఉద్దేశపూర్వకమైనది లేదా ఘోరమైనది. కళాశాలల స్థాయిలో తలకు తగిలిన మోచేతికి తప్పనిసరిగా పెద్ద శిక్ష వేయాలన్న నియమం కొంతకాలం నడిచినది. యాదృచ్ఛికంగా తగిలిన వాటికి కూడా అదే శిక్ష పడుతున్నదని విమర్శలు రాగా, 2013-14 నుండి రిఫరీలు వీడియో చూసి దానిని మామూలు ఫౌల్‌గా తగ్గించటానికి లేదా ఫౌల్ కాదని తేల్చటానికి అవకాశం ఇవ్వబడినది.

దెబ్బ తగిలినట్లు నటించి తలను వెనక్కు విసిరే ఆటగాళ్ళు అన్ని స్థాయిలలోనూ ఉంటారు. ఫిబా నియమాలలో ఇది కూడా తప్పే. సాధారణంగా ముందు హెచ్చరిక, మరల చేస్తే టెక్నికల్ ఫౌల్.

రిఫరీ నిలబడే చోటు

అంతర్జాతీయ పోటీలలో ముగ్గురు రిఫరీలు ఉంటారు, వీడియో పునఃపరిశీలన ఉంటుంది. ఇచ్చిన ఫౌల్ తీవ్రతను పెంచటానికి లేదా తగ్గించటానికి వీడియో చూడవచ్చు. పాఠశాల మైదానంలో జరిగే ఆటకు ఇద్దరే రిఫరీలు, వారి కన్నులే వీడియో. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణలో జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లా కేంద్రాలయ్యాయి. ఇటువంటి పట్టణాలలో రిఫరీగా నిలబడే వ్యాయామ ఉపాధ్యాయునికి నియమం తెలియటం ఎంత ముఖ్యమో, ఎక్కడ నిలబడాలో తెలియటం అంత ముఖ్యం.

ఇద్దరు రిఫరీల పద్ధతిలో ఒకరు బుట్ట దగ్గర అంత్యరేఖ వెలుపల, మరొకరు ఆటకు వెనుక భాగంలో నిలబడతారు. షాట్ వేయగానే ఇద్దరి కన్నులూ బంతి వెంట పైకి పోవటం సహజంగా జరిగే పొరపాటు. బంతి 3.05 మీటర్ల ఎత్తులోని రింగు దగ్గర ఉండగా, మోచేతులు క్రింద తమ పని తాము చేస్తుంటాయి. అందుచేత ఆ సమయంలో బంతిని వదలి మనుషులను చూడాలని రిఫరీలకు శిక్షణలో నేర్పుతారు. రీబౌండ్ అందుకున్నవాడు వెనుక నుండి మూయబడి ఉంటాడు కనుక, ఆటగాళ్ళ మధ్య ఖాళీ కనిపించే కోణంలోకి ఒకటి రెండు అడుగులు జరగాలి. వీపు మాత్రమే కనిపిస్తున్న చోటు నుండి, దెబ్బ తిన్నవాడి అరుపు విని ఈల ఊదటం ఊహాగానమే తప్ప నిర్ణయం కాదు.

ఈల ఊదిన తరువాత నిర్ణయాన్ని సంజ్ఞల ద్వారా తెలుపుతారు. మోచేతిని వెనక్కు ఊపి చూపితే మోచేతి విసురు అని అర్థం. రెండు చేతులతో 'టి' ఆకారం చూపితే టెక్నికల్ ఫౌల్. ఒక చేతి మణికట్టును రెండవ చేతితో పట్టి పైకెత్తితే అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్ ఫౌల్. రెండు పిడికిళ్ళూ బిగించి పైకెత్తితే బహిష్కరణ.

ప్రసిద్ధ సంఘటనలు

1991 డిసెంబరు 14న యూటా, డెట్రాయిట్ జట్ల మధ్య జరిగిన ఎన్.బి.ఎ. ఆటలో కార్ల్ మలోన్ మోచేయి తగిలి ఐసయా థామస్ కంటి పైభాగం చిట్లినది. అతనికి 40 కుట్లు వేయవలసి వచ్చింది. మలోన్‌కు ఒక ఆట నిషేధం, 10 వేల డాలర్ల జరిమానా విధించారు. గాయంతో పోలిస్తే ఆ శిక్ష నేటి పాఠకులకు చాలా తక్కువగా కనిపిస్తుంది.

2012 ఏప్రిల్ 22న లాస్ ఏంజెలెస్‌లో ఓక్లహోమా సిటీ జట్టుతో జరిగిన ఆటలో, లేకర్స్ జట్టు ఆటగాడు మెటా వరల్డ్ పీస్ బంతిని బుట్టలో వేసి సంబరపడుతూ వెనుదిరిగి, ప్రక్కనే ఉన్న జేమ్స్ హార్డెన్ తలపై మోచేతితో బలంగా కొట్టాడు. హార్డెన్ మెదడుకు అదురు గాయమైనది. వరల్డ్ పీస్‌ను వెంటనే ఆట నుండి పంపివేసి, తరువాత 7 ఆటల నిషేధం విధించారు. 2011లో పేరు మార్చుకొనక ముందు అతని పేరు రాన్ ఆర్టెస్ట్. విశ్వశాంతి అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్న ఆటగాడు ఈ పని చేయటం పత్రికలకు చాలాకాలం విషయమైనది. రెండు సంఘటనల మధ్య ఇరవై ఏళ్ళలో తల గాయాల పట్ల దృష్టి మారినది. ఎన్.బి.ఎ. మెదడు అదురు గాయాలపై ప్రత్యేక విధానాన్ని 2011లోనే ప్రవేశపెట్టినది.

గాయాలు, రక్షణ

మోచేతి ఎముక కొనపై కండ ఉండదు. అందువలన అది తగిలినచోట కనుబొమ్మ చిట్లటం, పెదవి తెగటం, పన్ను కదలటం, ముక్కు ఎముక విరగటం వంటివి జరుగుతాయి. వీటికంటే ప్రమాదకరమైనది పైకి ఏమీ కనిపించని మెదడు అదురు గాయం. దెబ్బ తిన్న తరువాత తలనొప్పి, వాంతి, మసక చూపు, తికమక మాటలు కనిపిస్తే ఆ ఆటగానిని ఆ రోజు మరల ఆడనీయక వైద్యుని వద్దకు తీసుకుపోవాలి. "ఏమీ కాలేదు, ఆడతాను" అని ఆటగాడు స్వయంగా చెప్పినా దానిని లెక్కలోకి తీసుకోరాదు. రక్తం కారుతున్న ఆటగానిని వెంటనే మార్చాలని ఫిబా నియమం. రక్తం ఆగి, గాయాన్ని పూర్తిగా కప్పిన తరువాతనే అతను తిరిగి రావచ్చు.

మోచేతికి కట్టుకునే సామగ్రి పైన కూడా ఆంక్షలు ఉన్నాయి. తోలు, ప్లాస్టిక్, లోహం వంటి గట్టి పదార్థాలతో చేసిన మోచేతి, ముంజేతి, మణికట్టు కవచాలను, పైన మెత్తని పొర ఉన్నా సరే, ఫిబా అనుమతించదు. పాత గాయానికి కట్టిన గట్టి పట్టీతో మైదానంలోకి వచ్చిన ఆటగానిని అది తీసివేయమని కోరవలసిన బాధ్యత రిఫరీదే. పళ్ళను కాపాడే మౌత్ గార్డ్ మాత్రం పారదర్శకమైనదైతే ధరించవచ్చు.